ఆమిష్ సంఘం వదిలినవాళ్ళని దూరం పెట్టడం: ఏది కూడదు, ఏది ఫర్వాలేదు? 'వెలి' అంటే సరిపోతుందా?

పదాలబుట్ట:

ఆమిష్ వాళ్ళ మీద (అమెరికాలో సొంత కార్లు లేకుండా గుర్రబ్బండ్లతో పాత పద్ధతిలో బతికే క్రైస్తవ సంఘం) ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 'షన్నింగ్' (సంఘం వదిలినవాళ్ళని దూరం పెట్టడం) అన్న మాట దగ్గర ఆగిపోయాను. 'వెలి' అని రాసేసి ముందుకి పోవచ్చు. కానీ వెలి అనగానే మన పాఠకుడి కళ్ళ ముందు వేరే బొమ్మ కడుతుంది: బావి దగ్గరికి రానివ్వకపోవడం, నిప్పు ఇవ్వకపోవడం, పనివాళ్ళు ఆ గడప తొక్కకపోవడం, పలకరించినవాడికి జరిమానా. ఆమిష్ వాళ్ళదీ ఇదేనా? కన్నతల్లి కూడా మాట్లాడదని ఒకచోట, ఆ తల్లే పిలిచి అన్నం పెట్టిందని ఇంకోచోట చదివాను. రెండూ ఎలా నిజమవుతాయి? ఎవరి మీద వేస్తారు, ఎవరు తేలుస్తారు, మళ్ళీ ఎత్తేస్తారా, మొగుడూ పెళ్ళాల్లో ఒకరి మీద పడితే రెండోవారి గతేంటి? అభిప్రాయాలు వద్దండీ, వివరాలు చాలు.

కొల్లేటికొంగ:

ముందు రెండు మాటల్ని విడదీయండి, సగం చిక్కు వీడిపోతుంది. వాళ్ళ జర్మన్‌లో 'బాన్' అంటే సంఘం నుంచి తీసేయడం. ఒక ఆదివారం, ఒక తీర్మానంతో అయిపోయే పని. 'మైడుంగ్' అంటే ఆ రోజు నుంచి మిగతా సభ్యులందరూ ఆ మనిషితో పాటించాల్సిన దూరం. షన్నింగ్ అంటే ఈ రెండోది. మొదటిదాన్ని బిషప్ ప్రకటిస్తాడు, రెండోది వంటింట్లో అమలవుతుంది.

ఇది బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ మీదే పడుతుంది. అసలు కీలు ఇక్కడ ఉంది. ఆమిష్ వాళ్ళు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. ఎక్కువమంది 18, 22 ఏళ్ళ మధ్య తమంతట తాము అడిగి తీసుకుంటారు. అంతకుముందు కొన్ని నెలలపాటు ఆరాధన రోజుల్లో పాఠాలుంటాయి. 1632లో డచ్ మెన్నొనైట్లు (ఆమిష్ వాళ్ళకి దగ్గరి క్రైస్తవ శాఖ) రాసుకున్న డోర్డ్రెక్ట్ విశ్వాస ప్రమాణంలోని 18 అధికరణాలూ నేర్పుతారు. వాటిలో 16వది సంఘం నుంచి తీసేయడం గురించి, 17వది దూరం పెట్టడం గురించి. అంటే రేపు తన మీద పడగల నియమాన్ని ముందే విని, తెలిసే మోకాళ్ళ మీద మాట ఇస్తారన్నమాట. ఆఖరి ఘడియ దాకా వెనక్కి తగ్గవచ్చు. మొక్కుకుని చెల్లించకపోవడం కన్నా మొక్కుకోకపోవడమే మేలని పెద్దలే బైబిల్లోని ప్రసంగి గ్రంథం మాట గుర్తుచేస్తారు.

కాబట్టి 'రుమ్‌స్ప్రింగా' రోజుల్లో, అంటే 16 దాటి ఇంకా బాప్తిస్మం కాని వయసులో, ఇల్లు వదిలిపోయిన కుర్రాడి మీద మైడుంగ్ లేదు. తల్లిదండ్రులు కుమిలిపోతారు, కానీ వాడు ఇంటికొస్తే పక్కనే కూర్చుని తింటారు. అదే కుర్రాడు బాప్తిస్మం అయిన మర్నాడు వెళ్ళిపోతే వేరే బల్ల. మీరు చదివిన రెండు కథల మధ్య తేడా చాలాసార్లు ఇదే. అయితే ఇందులో ఒక బిగింపు ఉంది. ఆమిష్ సంఘంలో పెళ్ళి కావాలంటే వధూవరులిద్దరికీ బాప్తిస్మం అయి ఉండాలి. పెళ్ళి తొందరలో మాట ఇచ్చినవాళ్ళు కూడా తర్వాత ఆ మాటకే కట్టుబడాలి.

ఇక పద్ధతి. ఒక్కో సంఘంలో సుమారుగా 20 నుంచి 40 కుటుంబాలుంటాయి. ఒక బిషప్, ఇద్దరు బోధకులు, ఒక డీకన్ (బిషప్‌కి సహాయకుడు). అందరూ చీటీ పడి వచ్చినవాళ్ళే, జీతం లేదు. 'ఓర్డ్నుంగ్' అని సంఘానికో కట్టుబాటు ఉంటుంది. చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది. ఉదాహరణకి ఒకాయన కారు కొన్నాడనుకోండి. బిషప్ పంపితే డీకన్, ఒక బోధకుడు కలిసి ఇంటికి వెళ్ళి మందలిస్తారు. తప్పు ఒప్పుకుని కారు అమ్మేస్తే అక్కడితో సరి. తప్పు పెద్దదయితే సంఘం ముందు కూర్చుని ఒప్పుకోలు, ఇంకా పెద్దదయితే మోకాళ్ళ మీద ఒప్పుకోలు. ఆ పైన ఆరు వారాల తాత్కాలిక బాన్. ఆ ఆరు వారాలూ మనిషి ఆరాధనకి వస్తూనే ఉండాలి, తల వంచుకుని కూర్చోవాలి. గడువు తీరాక మోకరిస్తే బిషప్ చేయి పట్టి లేపి, ముద్దుపెట్టుకుని సంఘంలోకి తీసుకుంటాడు. ఆడవాళ్ళకయితే ఆ ముద్దు బిషప్ భార్య పెడుతుంది. తర్వాత ఆ తప్పు ఎవరూ ఎత్తకూడదు.

ఎన్నిసార్లు మందలించినా లొంగకపోతేనే పూర్తి బాన్. ఆరాధన మూడు గంటలు నడుస్తుంది. అది ముగిశాక పిల్లల్నీ బాప్తిస్మం కానివాళ్ళనీ బయటికి పంపి సభ్యుల సమావేశం పెడతారు. పెద్దలు తమ ప్రతిపాదన చెప్తారు. మగవాళ్ళ వైపు, ఆడవాళ్ళ వైపు ఒక్కొక్కరి అభిప్రాయం విడివిడిగా అడుగుతారు. ఆడవాళ్ళకీ ఓటుంది. ఒకరిద్దరు ఒప్పుకోకపోతే తీర్మానం ఆగిపోవచ్చు కూడా. కాబట్టి బిషప్‌కి కోపం వచ్చి రాత్రికి రాత్రి వెలేశాడు అన్నట్టు రాయకండి. మందలింపులు మొదలై బాన్ దాకా రావడానికి నెలలు పట్టడం మామూలే.

వేసిన తర్వాత ఏం మారుతుందనేది ఒక్క ముక్కలో: బాన్‌లో ఉన్నవాడికి ఇవ్వచ్చు, వాడి నుంచి తీసుకోకూడదు. మాట్లాడచ్చు. పలకరించచ్చు. జబ్బు చేస్తే చూసుకోవచ్చు, చూసుకోవాలి కూడా. ఆకలిగా ఉన్నవాడికీ దప్పికగా ఉన్నవాడికీ బట్టలు లేనివాడికీ జబ్బుపడ్డవాడికీ సాయం చేయాల్సిందేనని 17వ అధికరణంలోనే ఉంది. కూడనివి ఇవి: ఒకే బల్ల మీద తినడం, వాడి చేతి నుంచి వస్తువు అందుకోవడం, వాడి కారెక్కడం, వాడితో బేరసారాలు. వంటకం గిన్నె వాడు అందించబోతే సభ్యుడు చేయి చాపడు. గిన్నె బల్ల మీద పెడితే అక్కడి నుంచి తీసుకుంటాడు. డబ్బయినా అంతే. కారు సంగతి వింతగా ఉంటుంది. బయటి డ్రైవర్ని కిరాయికి పెట్టుకుని కార్లో తిరగడం తప్పు కాదు, అదే కారు బాన్‌లో ఉన్న తమ్ముడు నడిపితే ఎక్కకూడదు. (బయటివాళ్ళందరినీ వాళ్ళు 'ఇంగ్లీషువాళ్ళు' అంటారు. ఆ లెక్కన గుంటూరువాళ్ళూ ఇంగ్లీషువాళ్ళే.)

బల్ల విషయంలో సర్దుబాటు తెలివిగా చేస్తారు. రెండు బల్లల్ని నాలుగు వేళ్ళ సందు వదిలి వేస్తారు, పైన ఒకటే గుడ్డ పరుస్తారు. చూసేవాళ్ళకి ఒకే బంతి, నియమం ప్రకారం రెండు. ఆ తల్లి పిలిచి అన్నం పెట్టింది అన్నారే, బహుశా ఇలాగే పెట్టి ఉంటుంది.

మొగుడూ పెళ్ళాల్లో ఒకరి మీద పడితే నియమం పడక దాకా వెళ్తుంది. ఒకే ఇంట్లో ఉంటారు, తిండి విడి, పడక విడి. పాటించను అని భార్య అంటే ఆమెనీ మందలిస్తారు, వినకపోతే ఆమె మీదా బాన్. మైడుంగ్‌కి బలం అక్కడుంది. పాటించకపోవడమే ఒక తప్పు.

చరిత్రపుట:

పై జవాబు బాగుంది గానీ అన్నిచోట్లా ఒకేలా ఉంటుందని పాఠకుడు అనుకునే ప్రమాదముంది. ఆమిష్ అనే సంఘం పుట్టిందే ఈ గొడవ మీద. 1693లో అల్సాస్, స్విట్జర్లాండ్ ప్రాంతాల్లోని స్విస్ అనాబాప్టిస్టుల్లో (పెద్దయ్యాకే బాప్తిస్మం అనే క్రైస్తవులు) జాకబ్ అమ్మాన్ అనే పెద్ద, బాన్ పడినవాడిని ప్రభువు బల్లకే (ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం) కాదు, ఇంటి బల్లకీ దూరంగా ఉంచాలన్నాడు. హన్స్ రైస్ట్ అనే ఇంకో పెద్ద ఒప్పుకోలేదు. ప్రభువు బల్లకి దూరం పెడితే చాలన్నాడు. ఇద్దరి వాదనా బైబిలు మీదే. మత్తయి 18లో సంఘం మాట వినని సోదరుణ్ణి 'సుంకరి'లా (పన్ను వసూలు చేసేవాడిలా) ఎంచమని ఉంది, 1 కొరింథీ 5:11లో అలాంటివాడితో భోజనం కూడదని ఉంది. ఆ భోజనం ఏ భోజనం అన్నదే తగాదా. అమ్మాన్ తన మాట వినని పెద్దల మీద బాన్ వేసేశాడు. తర్వాత తొందరపడ్డామని అనిపించి, 1700 ప్రాంతంలో అతనూ అతని పక్షంవాళ్ళూ తమ మీద తామే బాన్ వేసుకుని రాజీకి వచ్చారు. అయినా భోజనం సంగతి మీద ఇరుపక్షాలూ తగ్గలేదు, చీలిక అలాగే నిలిచిపోయింది.

అమెరికా వెళ్ళాక అదే తగాదా ఇంకో రూపంలో మళ్ళీ వచ్చింది: ఒకడు ఆమిష్ వదిలి, మెన్నొనైట్ లాంటి మరో అనాబాప్టిస్టు సంఘంలో బుద్ధిగా చేరితే బాన్ ఎత్తేయాలా వద్దా? 'కఠిన మైడుంగ్' పక్షం ఒప్పుకోదు. నువ్వు మాట ఇచ్చింది మా సంఘంలో, తిరిగి వచ్చి ఇక్కడే మోకరించు, లేదా చచ్చేదాకా ఇంతే అంటుంది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ఈ దారిలోనే ఉంది. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్, లగ్రాంజ్ వైపు చాలా సంఘాలు మెత్తన. వేరే శాంతివాద సంఘం చేర్చుకుని కొంతకాలం గడిస్తే ఎత్తేస్తాయి. ఒహాయోలోని హోమ్స్, వేన్ కౌంటీల్లో 1910లలో దీని మీదే చీలి వచ్చినవాళ్ళు స్వార్ట్‌జెన్‌ట్రూబర్లు. వాళ్ళని వదిలి ఇంకాస్త వదులైన ఆమిష్ సంఘంలో చేరినా వాళ్ళు ఎత్తరు. అంటే నెత్తిన టోపీ, గడ్డం, గుర్రబ్బండి అన్నీ ఉండి కూడా ఒకడు ఇంకొకడి దృష్టిలో బాన్‌లో ఉండచ్చు. ఇటు రెండో కొసన, పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్ కౌంటీలో మోజెస్ బీచీ అనే బిషప్ కఠిన పద్ధతి ఒప్పుకోకపోవడంతో 1927లో బీచీ ఆమిష్ శాఖ విడిపోయింది. వాళ్ళు తర్వాత కార్లు కూడా కొనుక్కున్నారు.

అందుకని మీ వ్యాసంలో 'ఆమిష్ వాళ్ళు ఇలా చేస్తారు' అన్న వాక్యం వచ్చిన చోటల్లా ఏ ఊరు, ఏ శాఖ అని ఒక్కసారి ఆగండి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకే చాలా వ్యాసాలు చెడ్డాయి.

కొల్లేటికొంగ గారూ, ఒక్కచోట మాత్రం మీతో విభేదం. 'మాట్లాడచ్చు' అన్నది కాగితం మీద నిజం. నేల మీద, బల్ల విడిపోయాక మాట కూడా సన్నగిల్లుతుంది. పెళ్ళిళ్ళకి పిలుపు రాదు, ఉత్తరాలకి జవాబు రాదు, వచ్చినా తిరిగి రమ్మన్న బతిమాలింపే ఉంటుంది. స్వార్ట్‌జెన్‌ట్రూబర్ల ఇళ్ళలో గడప దగ్గరే ఆపేయడమూ ఉంది. నియమం చెప్పినదాని కన్నా కుటుంబం ఎక్కువ చేయచ్చు, తక్కువా చేయచ్చు. చావు దగ్గర చాలామంది మెత్తబడతారు. వచ్చినవాణ్ణి రానిస్తారు, భోజనం దగ్గర మాత్రం మళ్ళీ విడి బల్లే.

కొల్లేటికొంగ:

ఒప్పుకున్నాను. 'మాట్లాడటం నిషేధం కాదు' అని రాసి, మీ మాట దానికి జోడిస్తే సరిగ్గా ఉంటుంది.

పదాలబుట్ట:

ఇద్దరికీ నమస్కారం. ఇంకో రెండు అనుమానాలు. బాన్ పడ్డవాడు కోర్టుకి వెళ్ళగలడా? ఇంకోటి, వ్యాసంలో 'సంఘం వదిలితే చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు' అనే వాక్యముంది. అది అతిశయోక్తా?

సుడోకుసుబ్బారావు:

కోర్టు సంగతి. వెళ్ళినవాళ్ళున్నారు. ఒహాయో వేన్ కౌంటీలో 1947లో ఆండ్రూ యోడర్ అనే రైతు తన మీద వేసిన బాన్ వల్ల నష్టపోయానని బిషప్ మీదా మరికొందరు పెద్దల మీదా దావా వేశాడు. జబ్బుపడ్డ కూతుర్ని డాక్టరు దగ్గరికి తిప్పాలంటే కారు కావాలని అతను కార్లు ఒప్పుకునే సంఘానికి మారాడు. ఆమిష్ పెద్దలు లాయర్ని పెట్టుకోలేదు, జ్యూరీ 5,000 డాలర్లు ఇమ్మంది. దీన్ని చూసి అమెరికా చట్టం షన్నింగ్‌ని ఒప్పుకోదని రాసేవాళ్ళున్నారు, తప్పు. అది ఒక కింది కోర్టు తీర్పు, అవతలి పక్షం వాదించనే లేదు. 1987లో యెహోవా సాక్షుల కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు, దూరం పెట్టడం మతాచరణే, దానికి నష్టపరిహారం అడగడానికి లేదంది. ఇప్పటి దారి అది. కొట్టడం, ఆస్తి ధ్వంసం లాంటివి మాత్రం మామూలు నేరాలే.

బిషప్ చేతిలో బాన్ ఆయుధమైతే ఏమవుతుందో చూడాలంటే ఒహాయోలోని బెర్గ్‌హోల్జ్ ఉదంతం ఉంది. అక్కడి బిషప్ సామ్యూల్ మల్లెట్ తనని వదిలి వెళ్ళినవాళ్ళ మీద బాన్‌లు వేశాడు. 2006లో వేరే ప్రాంతాల బిషప్‌లు సుమారు 300 మంది కూడి ఆ బాన్‌లు చెల్లవన్నారు. ఇది చాలా అరుదు, ఎందుకంటే మామూలుగా ఒక సంఘం వేసిన బాన్‌ని పక్క సంఘాలు గౌరవించాలి. ఆ కక్షతోనే 2011లో గడ్డాలు కత్తిరించిన దాడులు జరిగాయి. 2012లో 16 మందిని దోషులుగా తేల్చారు, ద్వేషపూరిత నేరం అన్న భాగాన్ని 2014లో అప్పీలు కోర్టు కొట్టేసింది.

మన దగ్గరి చట్టంతో పోల్చాలనిపిస్తే ఒకటే చెప్తాను. దావూదీ బోహ్రాల (ముస్లింలలో ఒక శాఖ) మతగురువు కేసులో 1962లో మన సుప్రీంకోర్టు, బహిష్కరణని నిషేధించిన 1949 నాటి బొంబాయి చట్టాన్ని కొట్టేసింది. కుల పంచాయతీల సాంఘిక బహిష్కరణ మీద మహారాష్ట్ర 2016లో వేరే చట్టం తెచ్చింది. మన ఊళ్ళ వెలికీ మైడుంగ్‌కీ అడ్డుగీత ఇక్కడే గీయండి. వెలి మనిషి పుట్టుక మీదా కుటుంబం మొత్తం మీదా పడుతుంది, బతుకుతెరువు తెంచుతుంది. మైడుంగ్ పెద్దయ్యాక తానే ఇచ్చిన మాట మీద, ఆ ఒక్క మనిషి మీద పడుతుంది. నొప్పి తక్కువని కాదు.

కాగితాలపనిమంతుడు:

'కాగితం ముక్క కూడా ఉండదు' అన్నది సగం నిజం. వివరంగా చెప్తాను, ఈ భాగం వ్యాసాల్లో ఎప్పుడూ పీలగానే ఉంటుంది.

ఆమిష్ వాళ్ళు ఆదాయప్పన్ను, ఆస్తిపన్ను కడతారు. సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను పథకం) మాత్రం కట్టరు, తీసుకోరు. ముసలితనంలో చూసుకోవాల్సింది ప్రభుత్వం కాదు, సంఘం అని వాళ్ళ నమ్మకం. 1965లో స్వయం ఉపాధి చేసేవాళ్ళకి, 1988లో ఆమిష్ యజమాని దగ్గర పనిచేసే ఆమిష్ ఉద్యోగులకి చట్టం మినహాయింపునిచ్చింది. దానికి 4029 అనే ఫారం. కింద సంఘం తరఫు పెద్ద కూడా సంతకం పెట్టాలి. ఆ మతశాఖ 1950 డిసెంబరు 31 నుంచీ ఉన్నదై ఉండాలి.

దీనివల్ల రెండు చిక్కులు. బాప్తిస్మం కాకుండా వెళ్ళిపోయిన కుర్రాడికి సోషల్ సెక్యూరిటీ నంబరు చాలాసార్లు అసలే ఉండదు. బాప్తిస్మమై 4029 పెట్టినవాడికి నంబరు ఉండే అవకాశం ఉంది, అతనికే తెలియకపోవచ్చు. ఈ రెండోవాడు కొత్త నంబరుకి దరఖాస్తు పెడితే ఫైలు ఇరుక్కుంటుంది. ముందు 'ఇదివరకు నంబరు ఇచ్చారా' అని ఆఫీసులో అడిగి, ఉంటే కార్డు నకలు తీసుకోవాలి.

వరస తప్పితే ఏ పనీ కదలదు. మొదట జనన ధ్రువపత్రం. ఇంట్లో మంత్రసాని చేతి మీద పుట్టినా ఎక్కువమందికి నమోదు ఉంటుంది, అసలు కాగితం తల్లిదండ్రుల పెట్టెలో ఉంటుంది. వాళ్ళు ఇవ్వకపోయినా పుట్టిన రాష్ట్రం ఆరోగ్య శాఖ నుంచి నకలు తెప్పించుకోవచ్చు. నమోదే లేకపోతే ఆలస్య నమోదు. పాత కాలపు ఆధారాలు కావాలి: కుటుంబ బైబిల్లో రాసుకున్న తేదీ, బడి రిజిస్టరు, డాక్టరు రికార్డు, పెద్దల అఫిడవిట్లు. ఇక్కడే మైడుంగ్ తగులుతుంది, సంతకం పెట్టాల్సిన పెద్దలు వదిలివచ్చిన ఊళ్ళోనే ఉంటారు కాబట్టి. సంఘం వదలాలని ఇంకా ఆలోచిస్తున్నవాడికి పనికొచ్చే సలహా ఒకటే: కాగితాలు ముందు, ప్రయాణం తర్వాత.

రెండోది నంబరు. 12 ఏళ్ళు దాటినవాళ్ళు మొదటిసారి అడిగితే నేరుగా వెళ్ళి మాట్లాడాలి, పుట్టుకకీ గుర్తింపుకీ వేర్వేరు ఆధారాలు చూపాలి. ఫోటో గుర్తింపు లేదు, ఎందుకంటే ఫోటో దిగడం వాళ్ళలో కూడదు. ఫోటో గుర్తింపు ఇచ్చే రాష్ట్ర కార్యాలయమేమో సోషల్ సెక్యూరిటీ కార్డు తెమ్మంటుంది. పెళ్ళయితే పిచ్చి కుదురుతుంది, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అన్నట్టు. ఈ ముడి విప్పడానికి సాధారణంగా పనికొచ్చేది పేరూ పుట్టినతేదీ ఉన్న డాక్టరు రికార్డు. అందుకే ముందు ఒకసారి క్లినిక్‌లో చూపించుకుని, ధ్రువీకరించిన నకలు తీసుకోమంటారు.

నంబరొచ్చాక రాష్ట్ర గుర్తింపు కార్డు, తర్వాత డ్రైవింగు, బ్యాంకు ఖాతా, ఉద్యోగం. చదువు ఎనిమిదో తరగతితో ఆగుతుంది. 1972లో విస్కాన్సిన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అంతవరకే చాలని ఒప్పుకుంది. కాబట్టి పై చదువుకో మంచి ఉద్యోగానికో జీఈడీ (హైస్కూలు చదువుకి సమానమైన పరీక్ష) రాయాలి. నాలుగు పేపర్లు: భాష, గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రం. ఇంట్లో పెన్సిల్వేనియా డచ్ (జర్మన్ మాండలికం) మాట్లాడినా బడి ఇంగ్లీషులోనే కాబట్టి భాష అడ్డురాదు. ఇబ్బంది పెట్టేవి ఆల్జీబ్రా, సైన్సు.

పెద్ద వయసులో వదిలేవాళ్ళకి ఇంకో దెబ్బ ఉంది. సంఘం సభ్యత్వం పోతే 4029 మినహాయింపు పోతుంది, 60 రోజుల్లో పన్నుల శాఖకి చెప్పాలి. అక్కడి నుంచి కట్టడం మొదలు. ప్రీమియం లేని మెడికేర్ (వృద్ధులకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఆసుపత్రి భాగం రావాలంటే 40 త్రైమాసికాలు, అంటే పదేళ్ళ సంపాదన కట్టి ఉండాలి. 58 ఏళ్ళకి వదిలినవాడు 68 దాకా పనిచేయాలి. భార్య లేదా భర్త కట్టిన లెక్క మీద రావచ్చు గానీ వాళ్ళూ ఆమిషే అయితే అక్కడా సున్నా. అప్పటిదాకా ఆసుపత్రి ఖర్చులు సంఘం పంచుకునేది, ఇప్పుడు అదీ లేదు.

ఆస్తి గురించి కూడా ఒక మాట. బాన్ వల్ల చట్టప్రకారం వారసత్వం పోదు. కానీ పొలాన్ని తండ్రి బతికుండగానే ఒక కొడుక్కి బజారు ధర కన్నా తక్కువకి అమ్మడం అక్కడ రివాజు. బాన్‌లో ఉన్న కొడుకుతో బేరమే కూడదు. కాబట్టి విల్లులో పేరు ఉన్నా, పొలం మాత్రం అప్పటికే చేతులు మారిపోయి ఉంటుంది.

పదాలబుట్ట:

చాలా సంతోషం. బాన్‌ని 'సంఘం నుంచి తొలగింపు' అనీ మైడుంగ్‌ని అలాగే ఉంచి మొదటిసారి వచ్చినచోట 'కంచం పొత్తు, మంచం పొత్తు తెంచుకోవడం' అనీ విడమరిచి రాస్తున్నాను. సబబేనా?

చరిత్రపుట:

భేషుగ్గా ఉంది. పంక్తిబాహ్యం అనే పాతమాట కూడా దగ్గరే గానీ పడక సంగతి అందులోకి రాదు, మీదే మేలు. ఒక్కటి సవరించండి. మంచం పొత్తు అంటే మనకి పెళ్ళి సంబంధాలని కూడా అర్థం వస్తుంది. బాప్తిస్మమైన దంపతులకే అని పక్కన చిన్న ముక్క చేర్చండి, లేకపోతే కులం బొమ్మ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.